నాలుగో అధ్యాయంలో మా నాయన అంగడి

తిరుపతిలో మా నాయనకు పుస్తకాల అంగడి ఉంది. డిగ్రీ కాలేజీకీ బస్టాండుకూ మధ్య సందులో ఉండటం వల్ల, అంగడి ముందు ఆగేవాళ్లలో సగం మంది పుస్తకాలు అడుగుతారు, సగం మంది కొండ బస్సు ఎక్కడ ఎక్కాలని అడుగుతారు. ఈ రెండో సగం కొంచెం పెద్దది. నాయన ఇద్దరికీ ఒకే ఓపికతో జవాబు చెబుతాడు. తమిళంలో అడిగితే తమిళంలో, కన్నడంలో అడిగితే కన్నడంలో, హిందీలో అడిగితే చేత్తో.

అంగడిలో ఒక జెరాక్స్ మిషను ఉంది. దానికి పైన గోడ మీద ఒక బోర్డు ఉంది: "ఇక్కడ పుస్తకాలు జెరాక్స్ తీయబడవు." మిషను కొని, దాని నెత్తిన అలా రాసి పెట్టుకున్న మనిషి మా సందులో ఆయనొక్కడే. మార్కుల జాబితా తీస్తాడు, కుల ధ్రువీకరణ పత్రం తీస్తాడు, పెళ్లికొడుకు జాతకం కూడా తీస్తాడు. ఎవరైనా టెక్స్ట్‌బుక్ తెచ్చి మిషను మూత ఎత్తబోతే మాత్రం చెయ్యి అడ్డం పెడతాడు. సందు చివర ఉన్న జెరాక్స్ సెంటర్లు ఆ చెయ్యి పుణ్యమా అనే బతుకుతున్నాయి.

"రాసినాయన ఎంత కష్టపడుంటాడు? మనం మూత ఎత్తి, బొత్తాం నొక్కి ఎత్తకపొయ్యేదా?" అంటాడు నాయన.

ఆ రాసినాయన ఎవరో మాకు తెలియదు. ఆయనకు మా నాయన సంగతి అసలే తెలియదు. వాళ్లిద్దరికీ ఉన్నంత గట్టి స్నేహం నేను ఇంకెక్కడా చూడలేదు.

అంగడికి అసలు గిరాకీ కాలేజీలు తెరిచినప్పుడే. సెలవులు అయ్యేలోపు నాయన కాలేజీకి వెళ్లి, ఒక్కో లెక్చరర్‌నూ "ఈ ఏడు ఏ పుస్తకం సార్?" అని అడిగి వచ్చి సరుకు తెప్పిస్తాడు. లెక్చరర్ చెప్పిన పుస్తకం, దాని పక్కన గైడు, గైడు పక్కన క్వశ్చన్ బ్యాంకు. పిల్లలు క్వశ్చన్ బ్యాంకు కొంటారు, గైడు స్నేహితుడి దగ్గర తీసుకుంటారు, పుస్తకాన్ని అద్దంలోంచి చూస్తారు. ఈ మధ్య అద్దంలోంచి చూసేవాళ్లు కూడా తగ్గారు.

పక్కన సెల్‌ఫోన్ కవర్లు అమ్మే భాయ్ ఉన్నాడు. ఫోన్లు పెద్దవయ్యే కొద్దీ ఆయన అంగడి చిన్నదైపోతోంది. మాది కూడా కలుపుకుంటే ఆయనకు సరిపోతుంది. ఆయన ఆ మాట నోటితో అనలేదు. సాయంత్రం టీ తాగడానికి వచ్చినప్పుడల్లా జేబులోంచి టేపు తీసి మధ్య గోడను కొలిచేవాడు.

"నిన్న కొలిచిందే గదా భాయ్. రాత్రికి ఏమన్నా పెరుగుతాదా?" అనేవాడు నాయన.

"పెరగదన్నా. వూరికే సూస్తా ఉండా," అని టేపు మడిచేవాడు భాయ్.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలోకి వచ్చిన ఏడు నాయన ఆయనతో చెప్పేశాడు. "వినాయక చవితి దాకా సూస్తా భాయ్. గిరాకీ లేకపోతే గోడ నీదే, అంగడీ నీదే." భాయ్ తల ఊపాడు. ఆ సాయంత్రం మాత్రం గోడ కొలవలేదు. టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు. మా అంగడి చరిత్రలో అంతకన్నా భయంకరమైన సూచన లేదు.

నాది ఎకనామిక్స్ కాబట్టి, ఆ సబ్జెక్టు మేడమ్‌ను పుస్తకం సంగతి అడిగి రమ్మని నాయన నన్నే పంపాడు. పెన్నూ కాగితమూ తీసుకుని వెళ్లాను.

"పేరు చెప్పండి మేడమ్, రాసుకుంటాను."

"రాసుకునేదేం లేదు. ఈ ఏడు కొనే పుస్తకం లేదని చెప్పు మీ నాయనకి," అంది మేడమ్. విదేశాల్లో లెక్చరర్లు కొందరు కలిసి ఒక పుస్తకం రాసి ఇంటర్నెట్‌లో పెట్టారట. ఎవరైనా దించుకోవచ్చు, ఊరికే. దాన్ని ఓపెన్ టెక్స్ట్‌బుక్ అంటారట. "ఇంక డబ్బుల్లేవని ఎవరూ పుస్తకం లేకుండా కూర్చోరు," అని ఎంతో సంతోషంగా చెప్పింది. ఆ సంతోషాన్ని మోసుకుంటూ పుస్తకాల అంగడికి నడిచిన వాడిని నేను.

"నాయనా, ఎకనామిక్స్ పుస్తకం ఊరికే ఇస్తారంట."

"స్పెసిమెన్ కాపీనా?" అన్నాడు. తమ పుస్తకాన్నే క్లాసులో పెట్టుకోమని కంపెనీలు లెక్చరర్లకు ఒక కాపీ ఉచితంగా పంపుతాయి. ఆయనకు తెలిసిన ఉచితం అదొక్కటే.

"కాదు. అందరికీ."

"అందరికీ స్పెసిమెన్ కాపీనా?"

పూర్తిగా అర్థమయ్యాక దులుపు గుడ్డ అందుకున్నాడు. గైళ్ల వరుసను దులిపి, దులిపిన గైళ్లనే మళ్లీ దులిపాడు. రాత్రి సంగటి ముద్ద ఒక్కటే తిని లేచాడు. నా గుండె చెరువైంది. అమ్మతో, "సూడు, బాధతో తిండి గూడా మానేసినాడు," అన్నాను.

"నిన్నా ఒకటే తిన్యాడు. సుగర్ ఉండాదని డాక్టరు తగ్గించమన్యాడు," అంది అమ్మ, రెండో ముద్ద నా పళ్లెంలో పెడుతూ.

క్లాసులో అందరమూ ఆ పుస్తకాన్ని నిమిషంలో ఫోన్లోకి దించుకున్నాం. దించుకున్నాక ఎంత ప్రశాంతంగా ఉందంటే, చదివేసినట్టే ఉంది. ఇంకెవరూ దాన్ని తెరవలేదు. నగరి నుంచి రోజూ రైల్లో వచ్చే నా స్నేహితుడు ఒకడు మాత్రం ప్రయత్నించాడు. వాళ్లకు మరమగ్గాలున్నాయి. ఇంట్లో ఆ చప్పుడుకు చదువు కుదరదు కాబట్టి వాడికి రైలే లైబ్రరీ.

"ఫోన్లో సదవలేం మచ్చా," అన్నాడు. "పక్క సీటాయన గూడా సదువుతా ఉండాడు. నేను పేజీ జరిపితే 'ఉండబ్బా, నాకింకా కాలేదు' అంటాడు. అదయ్యేలోపు మా అమ్మ ఫోను. పుస్తకం పోయి అమ్మొస్తుంది."

"ఎంతవరకు చదివినావు?"

"మొదటి పేజీ. పక్కాయన దాన్నే రెండుసార్లు సదివినాడు."

వాడే ఒకరోజు క్లాసులో లేచి, "మేడమ్, ఇందులో మంచు ఎత్తే పార రేటు పెరిగిందంట. మంచు ఎత్తే పార అంటే ఏంది మేడమ్?" అని అడిగాడు. నిజమే. పుస్తకం నిండా మంచు పారలు, మేం ఎప్పుడూ చూడని ఆటల టికెట్లు. మా ఊళ్లో మంచు అంటే జ్యూస్ బండి మీద గోనెపట్టా కింద ఉండేదే.

మేడమ్ నవ్వి, "అయితే మార్చేద్దాం," అంది. ఈ పుస్తకాన్ని ఎవరైనా మార్చుకోవచ్చట, దాన్ని రాసినవాళ్లే ఒప్పుకున్నారట. ఒక్కొక్కరూ ఒక్కో ఉదాహరణ తీసేసి మన చుట్టుపక్కల నుంచి కొత్తది రాసి తెమ్మంది. ఇంగ్లీషులో ఒకసారి, దాని కింద తెలుగులో ఒకసారి. బాగున్నవాటిని పుస్తకంలో కలిపి క్లాసు వాట్సాప్‌లో పెడతానంది.

గూడూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయి ఎండాకాలంలో నిమ్మకాయల ధర మీద రాసింది. నగరి వాడు కరెంటు పోతే మగ్గం ఆగడం మీద రాశాడు. నాకు నాలుగో అధ్యాయంలో ప్రత్యామ్నాయ వస్తువులు వచ్చాయి. ఒకటి దొరికితే ఇంకోటి అక్కర్లేని వస్తువులన్నమాట. కాఫీ, టీ అని లోకంలో అందరూ రాసేశారు. అంగడిలో కూర్చుని ఆలోచిస్తుంటే కళ్లెదురుగా ఉన్నదే కనిపించింది.

"ఒక ఊళ్లో కాలేజీ పక్కన ఒక పుస్తకాల అంగడి ఉంది. పుస్తకాలు కొనేవారికన్నా బస్సు గురించి అడిగేవారే ఎక్కువ. ఇంతలో కాలేజీలో ఉచిత ఎలక్ట్రానిక్ పుస్తకం వచ్చింది. పక్కనున్న ఫోన్ కవర్ల వ్యాపారి అంగడి గోడను కొలవసాగాడు. ఆ అంగడిలో పుస్తకాల గిరాకీ ఏమగును? రేఖాపటం గీసి వివరించండి."

మేడమ్ చదివి, "బాగుంది, నిజంగా జరిగినట్టే ఉంది," అని మెచ్చుకుంది. ఊహించి రాశానన్నాను. కల్పనాశక్తి ఉందంది. ఆ మాట అంతకుముందు నన్నెవరూ అనలేదు. నాలుగో అధ్యాయంలో పెట్టేసింది.

ఇంటర్నల్ పరీక్షలు దగ్గరపడ్డాక క్లాసుకు భయం పట్టుకుంది. ఫోన్లో చదవలేమని అందరూ ఒప్పుకున్నారు. నగరి వాడు మా అంగడికి వచ్చి, ఫోన్ చూపించి, "అంకుల్, ఇది ప్రింటు తీసి ఇయ్యండి. నా ఒక్కడికే గాదు, క్లాసులో శానా మందికి కావాల," అన్నాడు.

నాయన చెయ్యి దానంతటదే లేచింది. "బోర్డు సదువు."

"ఇది ఊరికే ఇచ్చిన పుస్తకం అంకుల్. పర్మిషన్ ఉండాది."

నాయన ఫోన్ తీసుకుని, వేలితో పైకి తోస్తూ తోస్తూ చివరి పేజీ దాకా వెళ్లాడు. ఏ పుస్తకాన్నైనా ముందు వెనకట్ట తిప్పి రేటు చూడటం ఆయన అలవాటు. అక్కడ రేటు లేదు, అట్ట కూడా లేదు. ఫోన్‌ను బోర్లించి వెనక కూడా చూశాడు. అక్కడ భాయ్ అమ్మిన కవరుంది.

"రేటు లేని పుస్తకం యాడన్నా ఉండాదా అబ్బా? ఎవురో దొంగతనంగా ఎక్కించింటారు. నేను తియ్యను."

"నాయనా, నువ్వు తియ్యకపోతే సందు చివర తీస్తారు," అన్నాను.

"తియ్యనీ."

వినాయక చవితి దగ్గరికొచ్చింది. క్లాసంతా సందు చివరికి బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. ఈ మనిషి మాత్రం, ఊరికే తీసుకోండని చెప్పిన రచయితను దొంగల నుంచి కాపాడుతూ కూర్చున్నాడు. నాకు ఇంకో దారి తోచక మేడమ్‌కు చెప్పాను.

మరుసటి రోజు సాయంత్రం ఆమే అంగడికి వచ్చింది. భాయ్ అప్పుడే టేపు లాగి గోడకు ఆనించాడు. మేడమ్‌ను చూసి, దండం పెట్టాలో టేపు వదలాలో తెలియక రెండూ చేశాడు. టేపు చప్పుడు చేస్తూ లోపలికి పోయింది.

మేడమ్ ఫోన్లో లైసెన్స్ పేజీ తెరిచి నాయనకు తెలుగులో చెప్పింది. ఎవరైనా ప్రింటు తీసుకోవచ్చు, పంచుకోవచ్చు, మార్చుకోవచ్చు. రాసినవాళ్ల పేర్లు వేయాలి, ఏం మార్చామో చెప్పాలి.

"అమ్మేదానికి?" అన్నాడు నాయన.

"కొన్ని పుస్తకాలకు కూడదు. దీనికి ఒప్పుకున్నారు. అది చూసుకునే పెట్టినాను."

ఇద్దరు యాత్రికులు వచ్చి కొండ బస్సు అడిగితే నాయన చూపించి, మళ్లీ మేడమ్ వైపు తిరిగాడు. "రాసినాయనకి ఏం మిగులుతుంది మేడమ్?"

ఆ ప్రశ్న మా క్లాసులో ఎవరమూ అడగలేదు. మేడమ్ ఫోన్ పక్కన పెట్టింది. "వాళ్లకు కాలేజీల్లో జీతాలుంటాయి. ఈ పుస్తకం మాత్రం అందరూ చదవాలని ఇచ్చేసినారు."

"అందరూ అంటే మావోడు గూడానా?"

"వాళ్లు రాసేటప్పటికి మీవాడి సంగతి తెలియదు," అంది మేడమ్.

నాయన నవ్వాడు. కాలేజీలు తెరిచాక అదే మొదటిసారి. "అట్లాంటోళ్లు గూడా ఉండారా," అని తనలో తాను అనుకుని, "సరే, తీస్తా. పేర్లు మాత్రం లోపలెక్కడో కాదు, పైన అట్ట మీదే పెద్దక్షరాలతో వేస్తా," అన్నాడు. కొన్నేళ్లుగా ముఖం తెలియకుండా కాపాడిన స్నేహితుడి పేరు వేసే అవకాశం వచ్చినందుకు ఆయన మొహం వెలిగింది. కరెంటు అప్పుడే వచ్చిందని తర్వాత తెలిసింది.

ఇంతవరకు కథ బాగానే ఉంది. అయితే మిషన్లో కాగితం పెట్టేముందు ఒకసారి మొత్తం చూడాలన్నాడు నాయన. "నా అంగడి పేరు మీద పొయ్యేది. తప్పులుంటే నన్నే అంటారు." మేడమ్ తాను దిద్దుకున్న ప్రింటు ప్రతి ఇచ్చి వెళ్లింది. పుస్తకాలు అమ్మడమే తప్ప చదవడం ఆయనకు అలవాటు లేదు. ఇంగ్లీషు వదిలేసి తెలుగులో ఉన్న ఉదాహరణలు మాత్రం వరుసగా చదవడం మొదలుపెట్టాడు. అవి చదివితే నాలుగో అధ్యాయం ఎంత త్వరగా వస్తుందో నాకు తెలుసు.

"టీ తెమ్మంటావా నాయనా?"

"వద్దు."

"ఆ పేజీలన్నీ మేడమ్ చూసేసింది. నువ్వు మళ్లీ సూడాల్సిన పన్లేదు."

"నిమ్మకాయలు బాగా రాసిందబ్బా ఆ పాప," అని పేజీ తిప్పాడు.

నాలుగో అధ్యాయం వచ్చింది. చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఎవరో పెద్దాయన కొండ బస్సు ఎక్కడని అడిగితే నాయన తల ఎత్తలేదు. ఆయన రెండోసారి అడిగాడు. లేచి వెళ్లి నేనే చూపించి వచ్చాను. నాయన జవాబు చెప్పకుండా ఒక యాత్రికుడు మా అంగడి దాటిపోవడం నేను ఎరగను.

"ఈ అంగడి యాడుండాదబ్బా?" అన్నాడు చివరికి.

"ఊహించి రాసింది నాయనా."

"భాయ్‌ని గూడా ఊహించినావా?"

భాయ్ ఆ కాగితం అందుకుని చదివాడు. "అన్నా, నన్ను గోడ కొలిచేవాణ్ని చేసినాడే నీ కొడుకు," అన్నాడు, చేతిలో టేపుతోనే.

నాయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "గిరాకీ ఏమవుతుందని అడిగినావు గదా. నీ లెక్కలో ఏమయింది?" అన్నాడు.

"తగ్గిందని పటం గీసినాను."

"ఎంత?"

"గీత కిందికి పోయింది."

ఈ సంభాషణలో జోకు ఎక్కడ వేయాలో నాకు దొరకలేదు. అట్లాంటి సందర్భాలు నాకు తక్కువ. నాయన కళ్లద్దాలు పెట్టుకుని, "దీన్ని ఎవురైనా మార్చొచ్చని చెప్పింది గదా మీ మేడమ్?" అన్నాడు.

"చెప్పింది."

"ఎవురైనా అంటే డిగ్రీ ఉండాల్నా?"

"అట్లా రాయలేదు."

"అయితే పెన్ను తీసుకో."

ఆయన చెప్పాడు, నేను రాశాను. "ఒక ఊళ్లో ఒక పుస్తకాల అంగడి ఉండాది. కాలేజీకి ఊరికే వచ్చే పుస్తకం వచ్చింది. అది ఫోన్లో ఉండాది గాబట్టి ఎవురూ సదవలేదు. అంగడాయన దాన్ని కాయితం మీదికి తెచ్చి, దారమో స్పైరల్ చుట్టో వేసి ఇచ్చినాడు. అప్పుడు సదివినారు. పుస్తకం ఊరికే వచ్చేకొద్దీ అంగడికి గిరాకీ పెరిగింది."

"నాయనా, ఇది ప్రత్యామ్నాయం కాదు. ఇట్లా ఒకటి వస్తే ఇంకోటి కూడా కావాల్సొచ్చేదాన్ని పూరక వస్తువులంటారు. కలం, సిరా మాదిరి. అది ఇదే అధ్యాయంలో కింద వస్తుంది."

"కిందికి పొయ్యేది దేనికి? పైనే రాయి."

"నన్ను తీసేసినావా అన్నా?" అన్నాడు భాయ్.

"నువ్వు అవసరం లేదులే భాయ్."

భాయ్ కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

మేడమ్ ఆ ఉదాహరణను తీసుకుని, రాతభాషలోకి మార్చి, పూరక వస్తువుల కిందే పెట్టింది. "అప్పుడు సదివినారు" అన్న ఒక్క వాక్యం మాత్రం కొట్టేసింది. పక్కన పెన్సిల్‌తో "ఆధారం లేదు" అని రాసింది.

మొదటి ప్రతికి నాలుగు మూలలా పసుపు పూసి, కొండకు వెళ్లేవాళ్లకు ఇచ్చి పంపాడు నాయన. మా ఊళ్లో పెళ్లి పత్రికైనా, బండి తాళమైనా, మొదటిది ముందు కొండ ఎక్కి రావాల్సిందే. ఎకనామిక్స్ పుస్తకం ఎక్కడం బహుశా అదే మొదలు. అది స్వామి దర్శనం చేసుకుని దిగేలోపు, గూడూరు అమ్మాయి నిమ్మకాయల లెక్కలో ఒక తప్పు సరిచేసింది. మేడమ్ కొత్త పేజీ వాట్సాప్‌లో పెట్టేసింది.

"అంటే కొండ మీదికి పోయింది పాత ఎడిషనా?" అన్నాడు నాయన. ఆయనకు జీవితంలో ఒక పెద్ద పగ ఉంది. కంపెనీలు అట్ట రంగు మార్చి కొత్త ఎడిషన్ అంటాయి, అంగడిలో మిగిలినవి ఒక్క రాత్రిలో చిత్తు కాగితాలైపోతాయి. ఇప్పుడు వారానికో ఎడిషన్ వచ్చే పుస్తకాన్ని ఆయన తన చేత్తోనే పిల్లలకు ఇచ్చాడు. ఒక పూట తల పట్టుకున్నాడు. ఆ తర్వాత స్పైరల్ చుట్టను మెల్లగా తిప్పి బయటికి లాగాడు. పేజీలు విడివిడిగా వచ్చేశాయి. మారిన పేజీ తీసి కొత్తది పెట్టి, చుట్టను మళ్లీ తిప్పాడు. పుస్తకం అతుకు తెలియకుండా కొత్తదైంది.

అప్పటి నుంచి శనివారాలు మా అంగడి ముందు పిల్లలు పుస్తకాలు పట్టుకుని నిలబడటం మొదలైంది. పేజీ మార్చుకోవడానికి వచ్చి పెన్ను కొంటారు, పెన్ను కొనడానికి వచ్చి గైడు అడుగుతారు. హిస్టరీ సార్ కూడా అట్లాంటి పుస్తకం ఉందేమో చూస్తున్నానని కబురు పంపాడు. నేను గీసిన గీత పైకి తిరిగిందని చెప్పలేను. కిందికి పోవడం మాత్రం ఆపింది. గైళ్ల వరుసను నాయన ఇంకా దులుపుతూనే ఉన్నాడు, రోజుకు ఒకసారి.

వినాయక చవితి వచ్చి వెళ్లింది. గోడ సంగతి భాయ్ ఎత్తలేదు, నాయనా ఎత్తలేదు. ఆ సాయంత్రం భాయ్ అలవాటుగా టేపు తీసి, గోడ దాకా వెళ్లి, వెనక్కి వచ్చి ఒక స్పైరల్ పుస్తకాన్ని కొలిచాడు. "దీనికి ప్లాస్టిక్ కవరు నేనేస్తానన్నా. ఫోన్లకన్నా సులువు, సైజు మారదు," అన్నాడు. టీ డబ్బులు ఆ రోజు నాయన ఇచ్చాడు.

గోడ మీద బోర్డు అలాగే ఉంది. దాని కింద నాయన స్కెచ్ పెన్నుతో, కొంచెం వంకరగా, ఒక వరుస చేర్చాడు: "రాసినవారు ఒప్పుకున్న యెడల తీయబడును."

ఇంటర్నల్ పరీక్షలో పూరక వస్తువులకు ఒక ఉదాహరణ అడిగారు. క్లాసు క్లాసంతా మా అంగడినే రాసింది. నగరి వాడు పక్కన మా నాయన బొమ్మ కూడా వేశాడు. మా ఇంటి విషయాలు బయట రాయడం అప్పటికే మానుకున్నాను కాబట్టి నేను బండి, పెట్రోలు అని రాశాను. మేడమ్ ఒక మార్కు తగ్గించి, స్థానిక ఉదాహరణ లేదు అని రాసింది.

ఆ పేపరు అంగడిలో నాయన కంటపడింది. చాలాసేపు చూశాడు.

"పుస్తకంలోనే ఉండాది గదరా," అన్నాడు. "సదవలేదా?"